నిరభ్యంతర ధిక్కార బృందం

కంకణాలపాడులో హార్డ్‌కోర్ పంక్ బ్యాండొకటి పుట్టి, పదకొండు రోజులు బతికి, మొత్తం మీద ఎనిమిది నిమిషాలు వాయించి, రెండువందల పన్నెండు పేజీల ఫైలు వదిలి పోయిందంటే నమ్మనివాళ్లు ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లని తప్పు పట్టలేం. వాయించినవాళ్లకే చాలా రోజులు నమ్మకం కుదరలేదు.

ఆ బ్యాండుకి పెద్ద దిక్కు సన్నాయి సైదులు. రేషను కార్డులో షేక్ జాన్ సైదులు, ఊరి నోట్లో సాయిబు. అరవై ఆరేళ్ల మనిషి. నలభై నాలుగేళ్లుగా ఊళ్లో ఏ పెళ్లి జరిగినా సన్నాయి ఆయనదే. ఊళ్లో సగం కాపురాలకి ఆయన ఊపిరి పోశాడు. మిగతా సగం కాపురాల్లో ఊపిరాడ్డం లేదంటే అందుకు ఆయన బాధ్యుడు కాడు.

సైదులుకి పెద్ద ఆశలేం లేవు. రోజుకొక్క రాగం, మొదలుపెట్టినచోట మొదలుపెట్టి, ముగియాల్సిన చోట ముగించాలి. అంతే. పెళ్లిళ్లలో అది సాగదు. తోడి ఎత్తుకుని గాంధారం దగ్గర కాస్త కుదురుకునేసరికి ఎవడో ఒకడు వచ్చి "సాయిబూ, కాసేపాగు, గేటుకడ్డంగా పెట్టిన తెల్ల కారు ఎవరిదో మైకులో అడగాలి" అంటాడు. కారు కదులుతుంది గానీ రాగం మళ్లీ కదలదు. అద్దెకున్న అపార్టుమెంట్లోనా, కుక్కరు విజిలే మూడు దాటకూడదని సంఘం తీర్మానం. అందుకని ఆయన రాగాలన్నీ మునిసిపల్ చేపల మార్కెట్టు మేడ మీది గదిలోనే వాయించుకుంటాడు. కింద చేపలు, పైన చాపలు. చేపలకి చెవులున్నాయో లేదో గానీ, ఫిర్యాదు పుస్తకం మాత్రం లేదు. పొద్దున్నే రెండు గంటలు ఊదకపోతే పెదవికి పట్టు పోతుంది. పట్టు పోయిన సన్నాయివాడిని ఇంట్లో గొడుగులతోపాటు మూల నిలబెట్టడమే.

అలాంటి గది తలుపు మీద ఒక సోమవారం పొద్దున కాగితం అంటించి ఉంది.

"ప్రతి పట్టణమునకు ఒక నవ్యధ్వని పథకము క్రింద, కంకణాలపాడు పట్టణమునకు హార్డ్‌కోర్ పంక్ కేటాయించడమైనది. పట్టణమందలి సాంస్కృతిక గదులన్నియు ఇకమీదట సదరు ధ్వని చేయువారికి మాత్రమే. ఇతర ధ్వనులు చేయువారు ఏడు దినములలో ఖాళీ చేయవలెను."

సైదులు రెండుసార్లు చదివాడు. మెట్లెక్కి వస్తున్న డోలు పిచ్చయ్యకి మూడోసారి చదివి వినిపించాడు. పిచ్చయ్య సైదులు పక్కన ముప్పై ఎనిమిదేళ్లుగా డోలు వాయిస్తున్నాడు. భుజాన డోలు లేకపోతే ఒక పక్కకి ఒరిగి నడుస్తాడు.

"పంకమంటే బురద. పంకా అంటే గాలి. పంక్ అంటే ఏంది మామా?"

"ఏదో ఒక సంగీతమంటరా."

"సంగీతానికి మనల్ని ఖాళీ చెయ్యమనడమేంది? మనం చేసేది ఏంది, సున్నపు గానుగా?"

అప్పటికే జిల్లా అంతా ఈ పథకంతో అట్టుడుకుతోంది. రాజధానిలో ఎవరో పెద్దాయన విదేశాలు తిరిగొచ్చి, మన పట్టణాలన్నీ ఒకేలా వినపడుతున్నాయని బాధపడ్డాడట. వెంటనే ప్రపంచంలోని సంగీతాలన్నీ చీటీల మీద రాసి, డబ్బాలో వేసి, పట్టణాల వారీగా తీయించారు. పక్క ఊరికి జాజ్ వచ్చింది. వాళ్లు జాజితోటల పథకమనుకుని మూడెకరాల్లో అంట్లు నాటేశారు. కాలవ అవతలి ఊరికి రెగే. అక్కడి కమిషనరు చీటీ చూసి, "రేగితే ఎట్లా, శాంతిభద్రతలేం కావాలి?" అని పోలీసు పికెట్ పెట్టించాడు. కంకణాలపాడుది మరీ హార్డు.

ఇద్దరూ సన్నాయి, డోలుతో సహా శాఖ కార్యాలయానికి పోయారు. అక్కడ బెంచీ మీద అప్పటికే ఒకావిడ కూచుని విసనకర్రతో ఆఫీసు మొత్తానికి తానే విసురుతున్నట్టు విసురుకుంటోంది. రత్నమాణిక్యమ్మ. యాభై ఏళ్లు పద్యనాటకాలు వేసింది. ఆమె రాగం తీస్తే ముందు వరసలో చంటిపిల్లలు నిద్ర లేచేవాళ్లు, వెనక వరసలో పెద్దమనుషులు నిద్ర లేచేవాళ్లు. మధ్యాహ్నాలు అదే మేడ గదిలో గొంతు సాధన చేసుకుంటుంది.

"రా అన్నా," అంది సైదులుతో. "మనల్ని పైకి పంపిస్తారని తెల్సుగానీ, మేడ మీంచి కిందకి పంపిస్తారనుకోలా."

సహాయ సంచాలకులు గుణనిధిరావు గారు లోపలికి పిలిచారు. సంచాలకుడంటే కదిలించేవాడని అర్థం. ఆయన్ని మాత్రం కుర్చీలోంచి కదిలించినవాళ్లు ఇంతవరకూ లేరు.

"మీ వేదన శాఖ దృష్టికి వచ్చియున్నది," అన్నారాయన. "కానీ నా దృష్టికి ఇంకా రాలేదు. చెప్పండి."

సైదులు చెప్పాడు. రావుగారు తలూపి, సొరుగులోంచి మార్గదర్శకాలు తీశారు.

"గది పంక్ బృందానికే. అయితే ఇక్కడొక చిన్న విశేషం ఉంది. మన శాఖ గదులు పొందడానికి ఏ కళాకారుడికైనా తన రంగంలో ముప్పై ఏళ్ల అనుభవం తప్పనిసరి. ఆ నిబంధన పాతది. దాన్ని తీసేసే అధికారం ఎవరికుందో రాసిన నిబంధన ఇంకా పాతది, అది చెదలు తిన్నది. నిన్న ఇద్దరు గిటార్లతో, నల్ల బనీన్లతో వచ్చారు. అచ్చంగా పంక్ వాళ్లే. అనుభవం రెండేళ్లు. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత రమ్మన్నాను."

"అంటే గది ఖాళీగానే ఉంటది గదండీ?" అన్నాడు పిచ్చయ్య.

"ఉండకూడదు. నెలాఖరులోగా బృందం లేకపోతే నా వివరణ అడుగుతారు." రావుగారి గొంతు మొదటిసారి మనిషి గొంతులా వినపడింది. "నేను ఇంతవరకూ ఎవరికీ వివరణ ఇచ్చి ఎరగను."

"ఆ పంకు ఎట్టుండాలంటారు సార్?" అడిగింది మాణిక్యమ్మ.

రావుగారు చదివారు. "అతి వేగము. అతి బిగ్గర. రాగతాళముల పట్టింపు కూడదు. ఒక్కొక్క అంశము నిమిషమునకు మించి ఉండరాదు. విన్నవారికి తమ పక్కవాని మాట వినపడరాదు."

సైదులు పిచ్చయ్య వైపు చూశాడు. పిచ్చయ్య సైదులు వైపు చూశాడు.

"సార్," అన్నాడు సైదులు నెమ్మదిగా, "ఇది గట్టిమేళమండి."

"అనగా?"

"తాళి కట్టేటప్పుడు వాయిస్తాం గదండీ. ఎవరన్నా తుమ్మినా, ఎవరన్నా ఏడ్చినా, వియ్యాలవారు తిట్టుకున్నా వినపడకూడదని. పంతులుగారు వేలెత్తి ఊపితే మొదలెడతాం. మూడుముళ్లూ పడేదాకా, అంటే నిమిషం పాటు, ఆపం. మధ్యలో ఆపితే అశుభం. మా చేతులకి ఇంకోటి తెలవదు. వేలు లేచిందంటే మోత లేచిందన్నమాటే."

"అంటే వేలు ఇలా ఎత్తితే..." అని రావుగారు కుడిచేతి చూపుడువేలు ఎత్తారు.

ఆ తర్వాత నిమిషంలో ఏం జరిగిందో ఆ గదిలో ఎవరూ వినలేదు. అదే దాని విశేషం. గోడ మీది పంచాంగం కింద పడింది. ఆదివారం నుంచి శనివారం దాకా పేజీలన్నీ ఎగిరాయి. రావుగారి నోరు కదులుతోంది గానీ, అందులోంచి వచ్చేది సన్నాయి ధ్వనిలా ఉంది. మేళం ఆగేసరికి పక్కగది హెడ్ క్లర్కు కామేశ్వరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చెయ్యి గాల్లో ఉంది. రావుగారి బట్టతల మీద గుప్పెడు గుండుసూదులు మెరుస్తున్నాయి.

"క్షమించాలి సార్," అందామె తన చేతిని తానే వింతగా చూసుకుంటూ. "అక్షింతలనుకున్నాను. చెయ్యి ఆగలేదు."

రావుగారు సూదులు ఒక్కొక్కటే ఏరి డబ్బీలో వేస్తూ, "నలభై నాలుగేళ్లుగా హార్డ్‌కోర్ పంక్ చేస్తూ, ఆ విషయం ప్రభుత్వానికి తెలియపరచకపోవడం మీ తప్పు," అన్నారు.

అలా పుట్టింది బ్యాండు. సన్నాయి సైదులు, డోలు పిచ్చయ్య, గాత్రం రత్నమాణిక్యమ్మ. ముగ్గురికీ కలిపి నూట తొంభై తొమ్మిదేళ్లు. ప్రభుత్వ నవ్యధ్వని పంక్ బృందం, కంకణాలపాడు శాఖ అని రావుగారే పేరు పెట్టి రిజిస్టరు చేశారు. మేడ గది తాళంచెవి మళ్లీ సైదులు జేబులోకొచ్చింది. ఆ సాయంత్రం చేపల మార్కెట్టులో సొరచేపలమ్మే నాగరత్తమ్మ, "సాయిబన్నా, నువ్వు పంకయ్యావంట గదా, ఒంట్లో ఎట్టుంది?" అని పరామర్శించింది.

బాగానే ఉంది, రెండు రోజులు. మూడోరోజు కబురొచ్చింది. మార్గదర్శకాల వెనక పేజీ చూడ్డం మరిచిపోయారట.

"పంక్ అనగా ధిక్కారము," చదివారు రావుగారు. "ప్రతి పంక్ బృందము ఏదేని ఒక ప్రభుత్వ కార్యాలయమును ధిక్కరించవలెను. ధిక్కార ప్రతిని ముందుగా మూడు నకళ్లలో సమర్పించవలెను. ధిక్కరింపబడబోవు కార్యాలయము వారి నుండి నిరభ్యంతర పత్రమును జతపరచవలెను."

"మమ్మల్ని తిట్టుకోడానికి మాకేం అభ్యంతరం లేదని వాళ్లు రాసివ్వాలా?" అంది మాణిక్యమ్మ.

"తిట్టుకోవడం కాదు, ధిక్కరించడం. తిట్టడం వేరే శాఖ."

ఇది లేకపోతే గది లేదు. సైదులు సన్నాయి గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని, ఇద్దర్నీ వెంటేసుకుని ఊరు మీద పడ్డాడు.

ముందు నీటి సరఫరా ఇంజనీరు. మాణిక్యమ్మ రాసుకొచ్చిన కాగితం చదివాడు. "నీళ్లు రావు! రావు! రావు!" అన్నది దాని మొత్తం సాహిత్యం. ఇంజనీరు చాలాసేపు ఆలోచించి, "మూడు రావులు ఎక్కువండి. సోమ, గురువారాల్లో వస్తున్నాయి. 'రావు, రావు, అప్పుడప్పుడు వచ్చు' అని మారిస్తే పైకి పంపుతాను," అన్నాడు. అందులో వేగం పోతుందని పిచ్చయ్య ఒప్పుకోలేదు.

విద్యుత్ శాఖలో కరెంటు లేదు. జిరాక్సు తీయడానికి రేపు రమ్మన్నారు. రోడ్ల శాఖ దాకా పోవడానికి రోడ్డు బాలేక ఆటోవాడు మధ్యలో దింపేశాడు. రిజిస్ట్రారాఫీసులో, ధిక్కరించడానికి అభ్యంతరం లేదు గానీ ధిక్కారానికి నలుగురు సాక్షులు, నాలుగు సరిహద్దులు రాసుకు రమ్మన్నారు. పోలీస్ స్టేషను గేటు దగ్గరికి పోయి, సైదులే వెనక్కి తిరిగాడు.

"మామా, ఊళ్లో ధిక్కరించడానికి ఒక్క కార్యాలయం కూడా దొరకట్లేదే," అన్నాడు పిచ్చయ్య కాలవగట్టు మీద కూలబడి. "జనం మరి రోజూ ఉత్తినే ఎట్టా తిడుతున్నారో!"

కాలవగట్టు మీద కూలబడ్డమే కలిసొచ్చింది. వాళ్ల వెనక పాత పెంకుటింటికి బోర్డు వేళ్లాడుతోంది: పడవ పన్ను తనిఖీ కార్యాలయం. ఆ కాలవలో పడవలు ఆగిపోయి నలభై ఏళ్లు దాటింది. ఆఫీసు ఆగిపోలేదు. లోపల తనిఖీదారు ధర్మలింగంగారు ఒక్కరే కూచుని, రాని పడవల రిజిస్టరులో 'లేవు' అని ఆవేళ్టి తేదీ ఎదురుగా రాస్తున్నారు.

సైదులు వచ్చిన పని చెప్పాడు.

ధర్మలింగంగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మమ్మల్నా? ధిక్కరిస్తారా? మీరే?"

"అభ్యంతరం లేకపోతేనేనండి."

"ఇరవై రెండేళ్లయిందండీ నేనీ కుర్చీలో కూచుని. ఒక్కడొచ్చి 'ఏంటయ్యా నీ ఆఫీసు' అనలేదు. ఒక్క ఆకాశరామన్న ఉత్తరం లేదు. పక్క ఆఫీసుల వాళ్లని జనం తిడుతుంటే కిటికీలోంచి చూస్తుండేవాణ్ణి." ఆయన మూడు ముద్రలు తీసి, నాలుగు చోట్ల కొట్టారు. "గట్టిగా ధిక్కరించండి. మొహమాటపడకండి. మా ఆవిడని తీసుకొస్తాను."

నిరభ్యంతర పత్రం వచ్చింది. సాహిత్యం మారింది: "వద్దు! వద్దు! వద్దు! పడవ పన్ను వద్దు!" రావుగారు చదివి, ఆశ్చర్యార్థకాలు నాలుగింటికి రెండు తగ్గించి ఆమోదించారు.

పదోరోజు పొద్దున పదకొండు గంటలకి టౌన్‌హాల్లో తొలి ప్రదర్శన. రాజధాని నుంచి ధిక్కార నిర్ధారణ కమిటీ వచ్చింది. ముందు వరసలో ముగ్గురు సభ్యులు, ముగ్గురి ఒళ్లో మార్కుల కాగితాలు, మధ్యలో కూచున్న అధ్యక్షుడి చేతిలో మోత కొలిచే యంత్రం. పాసయితే గది శాశ్వతంగా బృందానిది. ఫెయిలయితే సాయంత్రానికి తాళం. సైదులు పొద్దున లేచినప్పట్నుంచి సన్నాయి పీకని నోట్లో పెట్టుకుని తడుపుతూనే ఉన్నాడు.

హాలు నిండింది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లని రెండు బస్సుల్లో తెచ్చారు. వచ్చినవాళ్లందరికీ శాఖ తరఫున మరమరాల పొట్లం. రెండో వరసలో ధర్మలింగంగారు పట్టుపంచె కట్టుకుని సతీసమేతంగా కూచున్నారు.

బృందం వేదిక మీద ఒక పక్కన కూచుంది. రావుగారు మైకు ముందుకొచ్చారు. ప్రదర్శనకి ముందు పది నిమిషాల ఉపన్యాసం.

"సోదర సోదరీమణులారా! ఈ పథకం ద్వారా ప్రభుత్వం మీకు మూడు వరాలు ఇవ్వదలచుకున్నది. అందులో ఒకటి..." అని రావుగారు ఒకటికి గుర్తుగా చూపుడువేలు ఎత్తారు.

వాళ్ల తప్పు ఏమాత్రం లేదు. నలభై నాలుగేళ్లుగా ఆ వేలు కోసమే బతికిన చేతులు.

సన్నాయి లేచింది. డోలు పేలింది. మాణిక్యమ్మ గొంతెత్తి, "వద్దు! వద్దు! వద్దు!" అంది. హాల్లో ఉన్న నాలుగు వందల మందికీ ఒక్కసారే చేతులు పొట్లాల్లోకి పోయాయి. మరమరాలు గుప్పెళ్ల కొద్దీ లేచి రావుగారి మీద పడ్డాయి. ఒక ముసలమ్మ అలవాటుగా కళ్లొత్తుకుంది కూడా.

నిమిషం తర్వాత మేళం ఆగింది. రావుగారు కనుబొమల మీది మరమరాలు దులుపుకున్నారు.

"ఇంకా ప్రదర్శన మొదలుకాలేదు!" అన్నారు సైదులు వైపు తిరిగి. తిరగడంలో తప్పు లేదు. బెదిరిస్తూ వేలు చూపించారు, అదీ తప్పు.

"వద్దు! వద్దు! వద్దు!"

మరమరాలు. మళ్లీ నిమిషం.

"మామా, ఆపు!" అంటున్నాడు పిచ్చయ్య డోలు వాయిస్తూనే.

"నువ్వాపు!" అంటున్నాడు సైదులు కళ్లతో. నోరు ఖాళీ లేదు.

"మధ్యలో ఆపితే ఎవరి తాళి తెగుతుందో!" అంటోంది మాణిక్యమ్మ రెండు వద్దుల మధ్య.

రావుగారికి పట్టుదల పెరిగింది. ఉపన్యాసం ఆయన మూడు రాత్రులు కూచుని రాసుకున్నది. "ప్రజలారా! ఈ పథకం కొనసాగాలా, వద్దా? ఒక్కటే అడుగుతున్నాను..." ఒక్కటే అంటే వేలు లేవకుండా అనడం ఆయనకి చేతకాదు.

"వద్దు! వద్దు! వద్దు!"

ఈసారి హాలంతా కూడా అంది. మరమరాలు అయిపోయి వేరుశనగపప్పులు మొదలయ్యాయి. నాలుగోసారి ఆయన పైకప్పు వైపు చూపించి దేవుణ్ణి పిలిచారు. అయిదోసారి కమిటీ అధ్యక్షుడు లేచి "ఒక్క నిమిషం!" అన్నాడు, సరిగ్గా ఒక్క నిమిషమే వచ్చింది. ఆరోసారి మోత కొలిచే యంత్రంలో ముల్లు చివరిదాకా పోయి, అక్కడ ఇంకా స్థలం లేక విరిగి కింద పడింది. ఏడోసారి ఎవరు ఎత్తారో రికార్డులో లేదు. కామేశ్వరమ్మ చెవిలో వేలు పెట్టుకోబోయిందని కొందరంటారు.

చివరికి అటెండరొకడు వేదిక మీదికి దూకి రావుగారి రెండు చేతులూ వెనక్కి పట్టుకున్నాడు. హాలు నిశ్శబ్దమైంది. గోడగడియారం పదకొండూ నలభై రెండు చూపిస్తోంది. రావుగారు మైకు ముందు నోరు తెరుచుకు నిలబడ్డారు. ఒక పప్పు ఆయన జేబులోంచి జారి టప్పున పడ్డం అందరికీ వినపడింది.

రెండో వరసలోంచి ధర్మలింగంగారు లేచారు. "పడవ మాటే రాలేదు! ఏడుసార్లు ధిక్కరించారు, ఒక్కసారి కూడా నన్ను ధిక్కరించలేదు! నా నిరభ్యంతరానికి ఏం విలువ ఇచ్చినట్టు?"

మర్నాడు పొద్దున కమిటీ నివేదిక, ఆ వెంటనే ఉత్తర్వు వచ్చాయి. ముగ్గురూ రావుగారి గదిలో నిలబడ్డారు. రావుగారు చేతులు టేబులు కింద పెట్టుకుని, కాగితం అటెండరు చేత పట్టించి చదివారు.

"వేగము, సంతృప్తికరము. బిగ్గర, యంత్రమునకు అతీతము. ధిక్కారము, నూటికి నూరు. కావున బృందము ఉత్తీర్ణము. అయితే అనుమతించిన ధిక్కారము పడవ పన్ను కార్యాలయముపై కాగా, ప్రదర్శించిన ధిక్కారము సహాయ సంచాలకుల వారిపై. అనుమతి లేని ధిక్కారము చెల్లదు. మరియు అనుమతి గల ధిక్కారము ధిక్కారమే కాజాలదని న్యాయ విభాగము అభిప్రాయపడుచున్నది. ఏ ధిక్కారము ధిక్కారమో తేలువరకు బృందము రద్దు."

"గది?" అన్నాడు సైదులు. ఆ ఒక్కమాట అనడానికి ఆయనకి ఊపిరి చాలలేదు. ఊపిరి మీద బతికినవాడికి.

"ఈ వ్యవహారపు ఫైలు పెరిగినందున, దానిని భద్రపరుచు నిమిత్తము చేపల మార్కెట్టు మేడ గదిని..." రావుగారు తలెత్తలేదు. "ఫైలుకు కేటాయించడమైనది."

మాణిక్యమ్మ విసనకర్ర ఆగింది. పిచ్చయ్య డోలు మీద చెయ్యి పెట్టి, చప్పుడు చెయ్యకుండా తీసేశాడు. సైదులు గుడ్డలో చుట్టిన సన్నాయిని ఇటు చంక నుంచి అటు చంకకి మార్చుకున్నాడు. "పదరా పిచ్చయ్యా," అన్నాడు. "ఇంటికాడ గొడుగులు సర్దుకోవాల."

"ఆగండి, వెనకపేజీ ఉంది," అన్నాడు అటెండరు. ఈసారి అతనే తిప్పాడు.

"తుది నిర్ణయము వెలువడువరకు యథాతథ స్థితి పాటించవలెను," చదివారు రావుగారు. "అనగా సంఘటన ముగిసిన సమయమున, పదకొండు గంటల నలభై రెండు నిమిషములకు, వేదికపై ఎవరు ఎచ్చట ఎట్లుండిరో, ప్రతి పనిదినమున పదకొండు నుండి ఒంటిగంట వరకు వారు అచ్చట అట్లే ఉండవలెను. ఉల్లంఘన..." ఆయన కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "అంటే మీరు ముగ్గురూ టౌన్‌హాల్ వేదిక మీద."

"మీరూ ఉన్నారు గదా సార్," అంది మాణిక్యమ్మ. "మైకు ముందల. నోరు తెరుచుకుని."

రావుగారు ఆ వాక్యం మళ్లీ చదువుకున్నారు. ఆయన జీవితంలో మొదటిసారి ఒక ఉత్తర్వు ఆయన్ని కుర్చీలోంచి కదిలించింది.

మర్నాడు పదకొండింటికి అయిదుగురూ వేదిక మీద ఉన్నారు. రావుగారు మైకు ముందు, వెనక ఆయన చేతులు పట్టుకుని అటెండరు. ఎదురుగా నాలుగువందల ఖాళీ కుర్చీలు. ధర్మలింగంగారు మాత్రం తన ఫిర్యాదు మీద విచారణ జరుగుతుందేమోనని రెండో వరసలో వచ్చి కూచున్నారు.

"సార్," అన్నాడు సైదులు, "పదకొండూ నలభై రెండుకి నేనేం చేస్తన్నానో రికార్డులో ఉందాండి?"

అటెండరు ఒక చెయ్యి వదిలి కాగితం చూశాడు. "సన్నాయి విద్వాంసుడు ఊపిరి తీసుకొనుచుండెను."

"ఊపిరి తీసుకున్నాక ఏం చెయ్యాలని?"

కాగితం అటూ ఇటూ తిప్పారు. "దానిపై ఆదేశాలు లేవు," అన్నారు రావుగారు.

సైదులు ఊపిరి తీసుకున్నాడు. తోడి ఎత్తుకున్నాడు. కింది షడ్జం దగ్గర కూచుని, తొందరేం లేకుండా, ఒక్కొక్క మెట్టూ తడిమి చూసుకుంటూ పైకి పోయాడు. గాంధారం దగ్గర అలవాటుగా ఒక క్షణం ఆగి చూశాడు. ఎవరూ రాలేదు. ఏ కారూ కదలాల్సిన పని లేదు. గాంధారంలోనే పావుగంట ఉండిపోయాడు. పిచ్చయ్య డోలుని ఒళ్లో పెట్టుకుని ముట్టుకోలేదు. యాభై ఏళ్లుగా రాగానికి అడ్డం రాకుండా ఉండలేని మాణిక్యమ్మ కూడా నోరు మూసుకుంది. ఒంటిగంట కొట్టినప్పుడు రాగం మొదలుపెట్టినచోటికే తిరిగొచ్చి ముగిసింది. ఆయన జన్మలో ఒక సభలో మొదటిసారి.

రావుగారి నోరు ఉత్తర్వు ప్రకారం తెరుచుకునే ఉంది. అయితే మొదట్లో ఉన్నట్టు లేదు.

రెండోరోజు కాంభోజి. మూడోరోజు ఖరహరప్రియ. అయిదోరోజుకి చేపల మార్కెట్టు వాళ్లు బేరాలు ముగించుకుని వచ్చి వెనక వరసలో కూచోడం మొదలుపెట్టారు. ఎనిమిదోరోజుకి అటెండరు పట్టుకున్న రావుగారి చేతులే అతని చేతుల్లో తాళం వేస్తున్నాయి.

"సార్, అర్ధావర్తనం ముందున్నారు," అనేది మాణిక్యమ్మ. "ఆఫీసు ఫైళ్లలో ఈ తొందర చూపిస్తే ఊరు బాగుపడేది."

పన్నెండోరోజు రావుగారు కొంచెం ఆలస్యంగా వచ్చారు. చొక్కా పై జేబులోంచి పొడుగాటి కవరొకటి బయటికి కనపడుతోంది. లక్క ముద్ర, రాజధాని చిరునామా, పైన ఎర్ర అక్షరాలతో 'తుది నిర్ణయము' అని ఉంది. చింపలేదు.

సైదులు చూశాడు. పిచ్చయ్య చూశాడు. మాణిక్యమ్మ చూసి, ఊరుకోలేకపోయింది.

"ఏందండీ సార్ ఆ కవరు?"

"ఏ కవరు?" అన్నారు గుణనిధిరావుగారు. అటెండరు చేతులు విదిలించుకుని, కవరు జేబు అడుగుకంటా నొక్కి, గుండీ పెట్టుకున్నారు. తర్వాత మైకు ముందుకెళ్లి, తన చోట తాను నిలబడి, చేతులు వెనక్కి ఇచ్చేశారు.

"పదకొండయింది," అన్నారు సైదులు వైపు తిరక్కుండానే. "ఊపిరి తీసుకోండి."